సాంస్కృతిక ఆదరణ, అపహరణ: పన్నెండు మెట్ల కిన్నెర

ఒక సమూహపు కళను బయటివారు ఇష్టపడి నేర్చుకుని, అది ఎవరిదో చెప్పి, వారికి పేరూ ప్రతిఫలమూ దక్కేలా చూస్తే అది సాంస్కృతిక ఆదరణ. కళను తీసుకుని మనుషులను వదిలేస్తే అపహరణ. పాశ్చాత్య దేశాల్లో ఈ చర్చ వలస పాలన, జాతి వివక్షల చుట్టూ నడిచింది. తెలుగునాట కులాన్ని పక్కనపెట్టి దీన్ని మాట్లాడలేం. అచ్చంపేట ప్రాంతంలో వినిపించే పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగవాద్యం కథే అందుకు సాక్ష్యం.

వెదురు దండెకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, తేనెమైనంతో మెట్లు అతికించి, తీగలు బిగిస్తే కిన్నెర. పూర్వం మెట్లకు అలుగు పెంకులు వాడేవారు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు రాసిన బసవపురాణంలో కిన్నెర వాయించే కిన్నర బ్రహ్మయ్య అనే శివభక్తుడున్నాడు. కావ్యంలో అంత గౌరవం పొందిన వాద్యాన్ని ఊళ్లలో నిలబెట్టింది మాత్రం డక్కలివారు. మాదిగలకు జాంబపురాణం చెప్పి, వారిచ్చింది తిని బతికిన ఆశ్రిత కులం అది. అంటరానివారికే అంటరానివారిగా వారిని ఊరికి ఎడంగా ఉంచారు. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టిన పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ కిన్నెర మీదే ఊరూరా తిరిగింది.

లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య ఈ వాద్యానికి దేశమంతటా పేరు తెచ్చారు. ‘భీమ్లా నాయక్’ సినిమా నుంచి 2021 సెప్టెంబరు 2న విడుదలైన పాటకు ఆయన గొంతుతోనే ఎత్తుగడ. ఆయన పేరు దాచలేదు, ముఖమూ చూపించారు. కనుక దీన్ని అపహరణ అనడం అన్యాయం. అయితే సాయన్న లాంటి జనవీరులను కొలిచిన బాణీ అక్కడ ఒక కల్పిత కథానాయకుడిని పొగడటానికి ఉపయోగపడింది. పాట విన్న లక్షలమందిలో సాయన్న ఎవరని అడిగినవారు తక్కువే.

2022లో మొగులయ్యకు పద్మశ్రీ వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. అయినా 2024 మేలో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పనిచేస్తున్నారని వార్తలొచ్చాయి. ఒక కళాకారుడిని సన్మానించినంత మాత్రాన కళకు ఆదరణ దక్కినట్టు కాదని ఆ వార్తలు గుర్తుచేశాయి.

చట్టం ఇచ్చే రక్షణా అరకొరే. వస్తువుకైతే కొంత రక్షణ ఉంది: పోచంపల్లి ఇక్కత్ చీరకు 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కాపీరైట్ చట్టం గాయకుడికి తన ప్రదర్శనపై హక్కునిస్తుంది. తరతరాలుగా నోటినుంచి నోటికి వచ్చిన కథపై, బాణీపై దాన్ని మోసిన కులానికి మాత్రం అలాంటి హక్కేదీ ఇవ్వదు.