తీర్మానం అయితే తీరినట్టేనా?

మా వృత్తిలో బగ్ ట్రాకర్ అని ఒకటుంటుంది. సాఫ్ట్‌వేర్‌లో దొరికిన ప్రతి లోపాన్నీ అందులో రాసుకుంటాం. చర్చ ముగిశాక ‘రిజల్యూషన్’ అనే గడిలో ఏదో ఒకటి నింపాలి. బగ్‌జిల్లాలో అయితే ‘ఫిక్స్‌డ్’ అనొచ్చు, ‘ఇన్‌వ్యాలిడ్’ అనొచ్చు, ‘వోంట్‌ఫిక్స్’ అని కూడా అనొచ్చు. అంటే బాగు చేసినా రిజల్యూషనే, బాగు చెయ్యం పొమ్మన్నా రిజల్యూషనే!

ఇదే మాట మానిటర్ మీద చుక్కల లెక్కకీ వాడతాం. జనవరి 1న మొదలెట్టి సంక్రాంతికి వదిలేసే ఒట్టుకీ వాడతాం. అసెంబ్లీలో చేసేదీ అదే, ఐక్యరాజ్యసమితిలో చేసేదీ అదే. ఇంతమంది ఇన్ని రకాలుగా వాడుతున్న ఈ మాటకి అసలర్థం ఏమిటా అని చూస్తే, లాటిన్‌లో దాని మూలానికి ‘వదులు చెయ్యడం, ముడి విప్పడం’ అని అర్థం. చిక్కుని విడదీసి చూడటం అన్నమాట. మానిటర్ దగ్గర ఆ అర్థం ఇంకా కనపడుతుంది.

దాని చుట్టాలు ఇంకా తమాషాగా ఉంటాయి. డిసిషన్ అంటే కోసెయ్యడం. డాక్టర్లు పెట్టే ఇన్సిషన్, పురుగులకి కొట్టే పెస్టిసైడ్ లోని ‘సైడ్’ కూడా ఆ మూలం నుంచి వచ్చినవే. డిటర్మిన్ అంటే హద్దు పెట్టడం, రైల్వే టెర్మినస్‌కి అక్క. వెర్డిక్ట్ అంటే ‘నిజంగా చెప్పిన మాట’.

మన దగ్గర మాత్రం తక్కువా? తెగేసి చెప్పడం ఉంది, అదీ కోతే. తేల్చెయ్యడం ఉంది, అంటే నీళ్ళలోంచి పైకి తేవడం. దానికి వ్యతిరేకం నాన్చడం! అరబ్బీ నుంచి వచ్చిన ‘ఖరారు’ అంటే కదలకుండా నిలవడం, ‘ఫైసలా’ అంటే వేరు చెయ్యడం. ఇక తీర్పు, తీర్మానం రెండూ ‘తీరు’ నుంచి వచ్చినవి. అప్పు తీరింది, ఆకలి తీరింది అంటామే, ఆ తీరడం. ఇంగ్లీషు రిజల్యూషన్‌లో ముడి వదులైతే, మన తీర్మానంలో పని ముగుస్తుంది. ఒకదానికి రెండోది అనువాదంగా పెట్టుకున్నాం. తిరకాసంతా ఇక్కడే ఉంది.

ఎందుకంటే రిజల్యూషన్ చాలాసార్లు నిర్ణయం కాదు. నలుగురు కూర్చుని వెలిబుచ్చిన అభిప్రాయం, అంతే. కాశ్మీర్ మీద భద్రతా మండలి 1948 ఏప్రిల్ 21న చేసిన 47వ తీర్మానం చూడండి. అందులో భారత్‌కీ పాకిస్తాన్‌కీ మండలి ‘సిఫార్సు’ చేసింది. అదే మండలి 1990 ఆగస్టు 6న ఇరాక్ మీద ఆంక్షలు పెడుతూ చేసిన 661వ తీర్మానంలో ‘నిర్ణయిస్తున్నాం’ అంది. రెండింటి పేరూ తీర్మానమే. కానీ మండలి నిర్ణయాలని సభ్యదేశాలు అమలు చెయ్యాలని సమితి చార్టర్ 25వ అధికరణం చెప్తుంది. ఒక్క క్రియాపదం తేడాతో ఒకటి దశాబ్దాల వాదన అయింది, ఇంకొకటి ఒక దేశపు వ్యాపారాన్ని ఆపేసింది.

ఇక మన ఇంటి సంగతి. 1955లో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణని హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచమంది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరుకుంటే ఆంధ్రతో కలపొచ్చంది. అది సిఫార్సు. 1956 నవంబర్ 1నే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిపోయింది.

2009 డిసెంబర్ 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన చేశారు. రాష్ట్రం ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందనీ, శాసనసభలో తగిన తీర్మానం పెడతారనీ దాని సారాంశం. ‘ప్రక్రియ’, ‘తగిన’.. రెండూ వదులు మాటలే. ఒక ప్రాంతం రాష్ట్రం వచ్చేసిందనుకుంది, ఇంకో ప్రాంతం పోయిందనుకుంది. రెండు వారాలకే, డిసెంబర్ 23న, విస్తృత సంప్రదింపులు కావాలన్నారు. తర్వాత శ్రీకృష్ణ కమిటీ వచ్చింది. 2010 డిసెంబర్ 30న అది ఇచ్చిన నివేదికలో ఆరు ప్రత్యామ్నాయాలున్నాయి. తేల్చమంటే ఆరు దారులు చూపించారు! ఆ నాన్చుడులో, ఆ ఎదురుచూపుల్లో ఎందరో యువకులు ప్రాణాలు తీసుకున్నారు. మాటల గురించి ఇంత గింజుకోవడం దేనికని అనేవాళ్ళకి నా జవాబు ఇదే.

చివరికి ఏం జరిగింది? 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లుని తిరస్కరిస్తూ మూజువాణీ ఓటుతో తీర్మానం చేసింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆ బిల్లునే ఆమోదించాయి. జూన్ 2న తెలంగాణ వచ్చింది. సభ వద్దన్నాక రాష్ట్రం ఎలా వచ్చిందని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. రాజ్యాంగం 3వ అధికరణం చదివితే సరి. బిల్లుని రాష్ట్రపతి శాసనసభకి పంపేది ‘అభిప్రాయం’ కోసం, సమ్మతి కోసం కాదు. గడువు పెట్టే అధికారం 1955లో ఐదో సవరణతో వచ్చింది. ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదని బాబూలాల్ పరాతే కేసులో సుప్రీంకోర్టు 1959లోనే చెప్పేసింది.

ఇది తెలంగాణకే ప్రత్యేకం అనుకుంటే, ఉత్తరప్రదేశ్ చూడండి. 2011 నవంబర్‌లో మాయావతి ప్రభుత్వం తమ రాష్ట్రాన్ని నాలుగు చెయ్యమని శాసనసభలో తీర్మానం చేయించింది. ఒక్క ముక్క కూడా కాలేదు. అక్కడ సభ కావాలంటే రాలేదు, ఇక్కడ వద్దంటే వచ్చింది. సూత్రం మాత్రం ఒక్కటే.

ఇదంతా విభజన మంచిదా చెడ్డదా అన్న లెక్క కాదు. ఆ లెక్క ఎవరిది వాళ్ళకుంది. నా బాధల్లా, అభిప్రాయానికీ నిర్ణయానికీ మధ్య ఉన్న తేడా 3వ అధికరణంలో అందరూ చదువుకునేట్టుగా రాసి ఉన్నా, వేదికలెక్కి చెప్పినవాళ్ళు తక్కువ అని. రెండు వైపుల నాయకులకీ ‘తీర్మానం’ అన్న బరువైన మాట అక్కరకొచ్చింది. ఒకరు దాన్ని తెస్తామన్నారు, ఒకరు దాంతో ఆపుతామన్నారు. విన్నవాళ్ళు నమ్మారు. మన భాషలో ఆ మాటకి తీరిపోవడం అనే అర్థం ఉంది మరి, ఎందుకు నమ్మరు?

అందుకని ఎవరైనా ‘తీర్మానం చేశాం’ అంటే నేను ఒక్కటే చూస్తాను. దానికి కట్టుబడాల్సింది ఎవరు? అలాంటివాళ్ళు ఎవరూ లేకపోతే అది కోరిక. ఉంటేనే నిర్ణయం. అది పంచాయతీ ఆఫీసులో చేసిందైనా, పార్టీ మహాసభలో చేసిందైనా, న్యూయార్క్‌లో చేసిందైనా అంతే.