అండమాన్‌లో నీటి ఒడ్డున కుటుంబ విడిది: గుడారం వేసే ముందు తెలుసుకోవలసినవి

ఆస్టినాబాద్ (దక్షిణ అండమాన్): పిల్లాపాపలతో కలిసి నీటి ఒడ్డున గుడారం వేసుకొని ఒక రాత్రి గడిపే క్యాంపింగ్ తెలుగు కుటుంబాలకు ఇప్పుడు కొత్త కాదు. ములుగు జిల్లాలోని లక్నవరం, వికారాబాద్ సమీపంలోని అనంతగిరి, కడప జిల్లాలోని గండికోట వంటి చోట్ల ఇది సుపరిచితమే. అదే ఆలోచనతో అండమాన్ దీవులకు వెళ్లేవారు మాత్రం అక్కడి నీటి స్వభావాన్ని ముందుగా తెలుసుకోవాలి. చెరువులా నిశ్చలంగా కనిపించే నీరు అక్కడ సముద్రపు పాయ కావచ్చు, అందులో మొసలి ఉండవచ్చు.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వీరిలో ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన కుటుంబాలు ఎక్కువ. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ పరిసరాల్లోనిదే ఆస్టినాబాద్. బంధువులను చూడటానికి విశాఖపట్నం నుంచి ఓడలోనో, విమానంలోనో ఇక్కడికి వచ్చే కుటుంబాలకు ఈ వివరాలు ఉపయోగపడతాయి.

రెండు రకాల జలాలు

రాజధాని పరిసరాల్లో పేరున్న మంచినీటి జలాశయం ధనిఖారి. నగరానికి తాగునీరు ప్రధానంగా ఇక్కడి నుంచే అందుతుంది. పెద్ద నదులు లేని ఈ దీవుల్లో వాననీటిని నిల్వ చేసుకోవడమే ఆధారం కనుక, వేసవిలో నీటి కొరత తరచుగా ఎదురవుతుంది. అందువల్ల అటువంటి జలాశయాన్ని స్నానాలకు, బట్టలు ఉతకడానికి, గిన్నెలు కడగడానికి వాడకూడదు.

రెండవ రకానికి సిప్పీఘాట్ ఉదాహరణ. 2004 డిసెంబరు 26న సుమత్రా తీరాన సంభవించిన భూకంపంతో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు మేర కుంగింది. దాంతో సిప్పీఘాట్ ప్రాంతంలోని పంటపొలాలలోకి సముద్రపు నీరు చేరి, అక్కడే నిలిచిపోయింది. నాటి పొలాలు నేడు విశాలమైన చెరువుల్లా కనిపిస్తాయి. నిజానికి అవి పోటుపాట్లతో పెరిగి తరిగే ఉప్పునీటి జలాలు.

ఉప్పునీటి మొసలి

మన నదులలోను, జలాశయాలలోను ఉండే మగ్గర్ మొసలి కంటే అండమాన్‌లోని ఉప్పునీటి మొసలి ఎంతో పెద్దది, మరింత ప్రమాదకరమైనది. మడ అడవులు, సముద్రపు పాయలు దీని ఆవాసం. సముద్రంలో ఈదుతూ ఒక తీరం నుంచి మరొక తీరానికి చేరుతుంది, మంచినీటి వాగుల్లోకీ ప్రవేశిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరినందున దానికి హాని తలపెట్టడం నేరం.

ఈ మొసలి ఒడ్డు దగ్గర నీటిలో దాదాపు కనబడకుండా పొంచి ఉంటుంది. మసక వెలుతురులోను, రాత్రివేళ చురుకుగా వేటాడుతుంది. అందువల్ల గుడారాన్ని నీటి అంచుకు దూరంగా, ఎత్తైన నేలపై వేయాలి. చేపలను ఒడ్డున శుభ్రం చేయడం, తిండి వ్యర్థాలను నీటిలో పారవేయడం మొసళ్లను ఆహ్వానించడమే అవుతుంది. రోజూ ఒకే చోట నీటిలోకి దిగే అలవాటు కూడా ప్రమాదకరమే. హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీటిలో అడుగు పెట్టరాదు. బోర్డు లేనంత మాత్రాన ఆ చోటు క్షేమమని భావించరాదు.

పోటు, పొద్దు, వాన

సముద్రపు నీరు రోజుకు రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు మరింత ఎక్కువ. సాయంత్రం పొడిగా ఉన్న ఇసుక తెల్లవారేసరికి మునిగిపోవచ్చు. ఒడ్డున ఎండుటాకులు, నాచు గీతలా పేరుకున్న చోటు గత పోటు ఎంతవరకు వచ్చిందో చూపుతుంది. గుడారం ఆ గీతకు బాగా పైన ఉండాలి.

దేశమంతటికీ ఒకే ప్రామాణిక కాలం కావడంతో తూర్పున ఉన్న ఈ దీవుల్లో త్వరగా చీకటి పడుతుంది. డిసెంబరులో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. కనుక 4 గంటలకల్లా గుడారం పని, వంట ఏర్పాట్లు ముగించుకోవడం మంచిది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఇక్కడ వర్షిస్తాయి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు వాన తక్కువ.

అనుమతులు, జాగ్రత్తలు

దీవుల భూభాగంలో 80 శాతానికి పైగా అటవీ ప్రాంతమే. అక్కడ రాత్రి బస చేయదలిస్తే అటవీ శాఖను ముందుగా సంప్రదించి అనుమతి పొందాలి. ఆదివాసుల రక్షిత ప్రాంతాలలోకి ప్రవేశం 1956 నాటి నిబంధనల ప్రకారం నిషిద్ధం.

పిల్లలు నీటి దగ్గర ఉన్నంతసేపూ ఒక పెద్దవారు చేతికి అందేంత దూరంలో ఉండాలి. గాలి నింపిన ట్యూబులు లైఫ్ జాకెట్‌కు ప్రత్యామ్నాయం కావు. నాగుపాములు, కట్లపాములు, పెద్ద జెర్రులు ఈ దీవుల్లో ఉన్నందున గుడారం జిప్పును ఎప్పుడూ మూసి ఉంచాలి, బూట్లను దులిపి తొడుక్కోవాలి. పాము కరిస్తే గాయాన్ని కోయకుండా, గట్టిగా కట్టు కట్టకుండా, ఆ అవయవాన్ని కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. రాజధానిలో గోవింద్ బల్లభ్ పంత్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. అత్యవసర సహాయానికి 112కు ఫోన్ చేయవచ్చు.

దేశానికి సునామీ హెచ్చరికలు హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం నుంచి 2007 నుండి వెలువడుతున్నాయి. అయితే భూకంప కేంద్రం దగ్గరలో ఉంటే హెచ్చరిక అందేలోపే అలలు తీరాన్ని తాకవచ్చు. ఒడ్డున ఉన్నప్పుడు భూమి బలంగా, ఎక్కువసేపు కంపించినా, సముద్రం అకస్మాత్తుగా వెనక్కి తగ్గినా సామాను వదిలి వెంటనే ఎత్తైన ప్రదేశానికి చేరాలి. ఆ దారి ఎటు ఉందో గుడారం వేసిన రోజే, వెలుతురు ఉండగానే కుటుంబసభ్యులందరూ ఒకసారి నడిచి చూసుకోవాలి.