ముఖగాయమునకు తూనిక



ఊరిలో నెవరికైనను ముఖమున పెద్ద దెబ్బ తగిలినచో, చూడవచ్చినవారు మొట్టమొదట అడుగునది "బ్రతుకునా?" అని. పిమ్మట "ముఖము మునుపటివలె అగునా?" అని. ఇంటివారు మాత్రము మెల్లగా మూడవ మాట అడుగుదురు: "ఆసుపత్రిలో నెన్ని దినములుండవలెను? ఎంత ఖర్చగును?" ఈ మూడు ప్రశ్నలును వేరువేరు. వీనికి ముందుగానే సమాధానము చెప్పవలెనని వైద్యులు చేసిన ప్రయత్నముల కథను నేడు మనవి చేయుచున్నాను.

కథ ఈజిప్టు దేశమున ఆరంభమగును. 1862లో ఎడ్విన్ స్మిత్ అను అమెరికా దేశస్థుడు లక్సరు నగరమున నొక ప్రాచీన పపైరసు చుట్టను కొనెను. దానిని జేమ్స్ బ్రెస్టెడ్ అను పండితుడు భాషాంతరీకరించి 1930లో ప్రకటించెను. క్రీస్తునకు పూర్వము సుమారు 1600 నాటి వ్రాత అది. అందు 48 గాయముల వృత్తాంతములు తల మొదలుకొని క్రిందికి వరుసగా నున్నవి. గాయమును పరీక్షించిన పిదప వైద్యుడు తీర్పు చెప్పవలెను. ఆ తీర్పులు మూడే: చికిత్స చేయదగినది, పెనుగులాడి చూడదగినది, చికిత్స చేయరానిది.

ముక్కెముక విరిగినవానికి రక్తపుగడ్డలను నారబట్ట వత్తులతో తుడిచి, క్రొవ్వులో తడిపిన వత్తులను రంధ్రములలో నుంచి, బిరుసుగా చుట్టిన బట్టచుట్టలను ఇరుప్రక్కల నానించి కట్టవలెనని యున్నది. దవడ జారినవానికి బొటనవ్రేళ్లను నోటిలోపల దవడకొనలపై నుంచి, తక్కిన వ్రేళ్లను గడ్డము క్రింద పట్టి, వెనుకకు నెట్టవలెను. నేటి వైద్యుడును ఇంచుమించుగా నట్లే చేయును! ఇవి రెండును చికిత్స చేయదగినవి. కాని క్రింది దవడ విరిగి, దానిపై పుండుపడి, జ్వరము తగిలినచో, అది చికిత్స చేయరానిది. ఆ వైద్యుని కఠినుడనరాదు. చీము పట్టిన ఎముకను బాగుచేయు మందు నాడతనియొద్ద లేదు.

తరువాత శతాబ్దములు అనేకములు దాటి 1901నకు రావలెను. ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు రెనే లె ఫోర్ 35 శవముల తలలపై ప్రయోగములు చేసెను. వానిని గదతో మోది, గట్టి వస్తువులకు తాకించి, పిమ్మట ఎముకలను బయలుపరచి చూచెను. వినుటకు భయంకరముగా నున్నను, దాని ఫలము గొప్పది. ముఖమధ్యభాగము ఇష్టము వచ్చినట్లు విరుగదు. బలహీనమైన రేఖల వెంబడి విరుగును. ఆ రేఖలు మూడు. మొదటిది పైదవడను పండ్లతోసహా వేరుచేయును. మూడవది ముఖమంతటిని పుఱ్ఱెనుండి ఊడదీయును. ఈ పేరులు నేటికిని వాడుకలో నున్నవి.

మోటారు వాహనములు పెరిగిన పిమ్మట అంకెల కాలము వచ్చెను. 1974లో అమెరికాలో సూసన్ బేకర్ మొదలగువారు దేహమునంతటిని ఆరు భాగములు చేసి, మిక్కిలి దెబ్బతిన్న మూడు భాగముల అంకెలను వర్గముచేసి కూడు పద్ధతిని ప్రకటించిరి. అందు ముఖము ఒక భాగము. ఆ లెక్క ముఖ్యముగా ప్రాణాపాయమును కొలుచుటకు పుట్టినది. ముఖము చితికియు ప్రాణము నిలిచినవానికి అందు చిన్న అంకెయే రావచ్చును. అతడు నమలలేక, నలుగురిలోనికి రాలేక పడు బాధకు ఆ త్రాసులో తూకము లేదు.

ఆ లోపమును కొంత తీర్చుటకై 2006లో అమెరికాలోని దవడ, ముఖ శస్త్రవైద్యులు ప్రత్యేకముగా ముఖమునకే యొక మానమును ఏర్పరచిరి. ముక్కెముక విరిగిన 1. క్రింది దవడ మధ్యభాగమున నొక్కొక్క విరుపునకు 2. లె ఫోర్ మూడు రేఖలకు వరుసగా 2, 4, 6. స్థానము తప్పిన నొసటి ఎముకకు 5. పది సెంటీమీటర్లకు మించిన చర్మపు చీలికకు 1. శిరస్త్రాణము లేక మోటారుసైకిలుపైనుండి పడినవానికి దవడ రెండుచోట్ల విరిగి, ముక్కు చితికి, చెంప పొడుగున చీలినదనుకొందము. మొత్తము 6. ఈ మొత్తము పెరిగిన కొలది శస్త్రచికిత్స వ్యయము పెరుగుచున్నదని వారు చూపిరి. ఇంటివారు మెల్లగా అడిగిన మూడవ ప్రశ్నకు ఇందు కొంత జవాబున్నది.

ఈజిప్టు వైద్యుడు చేతులెత్తిన ఆ విరిగిన దవడకు నేడు 2 మాత్రమే! ఎముక మారలేదు. మత్తుమందు, ఎక్స్‌రే, క్రిములను చంపు ఔషధములు, లోహపు పలకలు వచ్చినవి. కావున ఏ అంకెయైనను గాయముతోబాటు వైద్యుని చేతిలోని సాధనములను గూడ తూచుచున్నది. పలకలును నిపుణులును లేనిచోట ఆ 2 అంత తేలిక కాదు.

మరియొకటి. ఈ మానము కంటిచూపును, మెదడును, శ్వాసను లెక్కింపదు. దవడ ఇరుప్రక్కల విరిగినవానిని వెలికిల పరుండబెట్టినచో నాలుక వెనుకకు జారి ఊపిరి ఆగవచ్చును. అతని అంకె 4 మాత్రమే యైనను అపాయము ఆ క్షణముననే యున్నది. అందుచేత వైద్యులు మొదట ఊపిరిని చూతురు, పిమ్మట రక్తమును ఆపుదురు. అంకెలు కూడుట ఎముకల చిత్రములు చేతికి వచ్చిన తరువాతి పని.