వడ్రంగి గీత

తలుపు చట్రం బిగువుగా కూర్చుంటే ఉలిని మెచ్చుకుంటాం, రంపాన్ని మెచ్చుకుంటాం, వాటిని పట్టిన చేతిని మెచ్చుకుంటాం. అన్నిటికంటే ముందు చెక్క మీద పడిన గీత మాత్రం ఎవరికీ గుర్తు రాదు. కూడిక బాగోగులు తేలేది అక్కడే. గీత తప్పిందంటే ఎంత పదునైన ఉలి అయినా ఆ తప్పునే నున్నగా చెక్కి పెడుతుంది.

పెన్సిల్ గీతకు వెడల్పు ఉంటుంది. మొన అరిగేకొద్దీ అది అర మిల్లీమీటరు దాటుతుంది. ఆ వెడల్పులో రంపం ఏ అంచున నడవాలో ప్రతిసారీ సందేహమే. ఒకవైపే వాలు ఉన్న మార్కింగ్ కత్తి సంగతి వేరు. వాలు లేని వైపును మూలమట్టానికి ఆనించి లాగితే చెక్క నార తెగుతుంది. గీతకు లోతు వస్తుంది, వెడల్పు ఉందా లేదా అన్నట్టుంటుంది. ఉలి అంచును అందులో పెడితే తనంత తానే కుదురుకుంటుంది. నార ముందే తెగి ఉంటుంది కనుక కోత అంచు పెచ్చులూడదు.

ఈ గీత చరిత్ర రెండు పాయలుగా సాగింది. అంకెలతో కొలిచి గుర్తు పెట్టడం ఒకటి. అంకెతో పని లేకుండా ఒక చెక్క ఆకారాన్ని నేరుగా రెండో చెక్క మీదికి దించడం మరొకటి. పేరు మొదటిదానికి వచ్చింది. మంచి కూడికలను నిలబెట్టింది మాత్రం ఎక్కువగా రెండోదేనని నా నమ్మకం.

కొలతల పాయ మన ఉపఖండంలో చాలా పాతది. లోథల్ తవ్వకాల్లో దొరికిన దంతపు కొలబద్ద మీద గీతకూ గీతకూ మధ్య దూరం సుమారు 1.7 మిల్లీమీటర్లు. మొహెంజోదారోలో దొరికిన శంఖపు ముక్క మీద అది సుమారు 6.7 మిల్లీమీటర్లు. కౌటిల్యుని అర్థశాస్త్రం ఎనిమిది యవల మధ్యభాగాన్ని ఒక అంగుళం అంటుంది, 24 అంగుళాలను ఒక హస్తం అంటుంది. వడ్రంగికి మాత్రం విడిగా 42 అంగుళాల కిష్కువును ఇచ్చింది. రంపపు కోతకూ, సేనల విడుదులకూ, కోటలకూ, రాజభవనాలకూ అదే కొలత. అడవిలో కలప కొలవడానికి 54 అంగుళాల హస్తం ఇంకొకటి. వృత్తిని బట్టి కొలత మారే ఆ రోజుల్లో ఒక పనివాడి బద్ద ఇంకొకడి పనికి సరిపోయేది కాదు.

ఈజిప్టులో రాజ హస్తం ఏడు అరచేతులు, అంటే 28 వేళ్ల వెడల్పు. నేటి లెక్కన సుమారు 52.5 సెంటీమీటర్లు. టుటంఖామున్ కోశాధికారి మాయా కొలబద్ద ఇప్పటికీ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దేర్ ఎల్ మదీనా పనివారి ఊళ్లో సెన్నెజెమ్ అనే కళాకారుడి సమాధిలో మూలమట్టమూ, గుండు వేలాడే మట్టపు చట్రమూ దొరికాయి. ఎర్ర రంగులో ముంచిన దారాన్ని లాగి వదిలి కొట్టిన గీతలు పూర్తికాని సమాధుల గోడల మీద నేటికీ కనిపిస్తాయి. మన వడ్రంగులూ తాపీ మేస్త్రీలూ వేసే దారపు గీతకు, ఆ గీతకు పద్ధతిలో తేడా లేదు.

దారపు గీతను అందరికంటే నాజూకైన పనిముట్టుగా మలిచింది తూర్పు ఆసియా. చైనాలో దాని పుట్టుకను, ఇంకెన్నో పనిముట్ల పుట్టుకను వడ్రంగుల ఆదిపురుషుడు లూ బాన్‌కు కట్టబెడతారు. జపాన్‌లో దాన్ని సుమిత్సుబో అంటారు. చెక్కను తొలిచి చేసిన చిన్న దొన్నె, అందులో సిరాలో తడిసిన పీచు, ఆ పీచు గుండా వచ్చే పట్టు దారం, దారాన్ని చుట్టుకునే చక్రం, కొసన గుచ్చే సూది. నారా నగరంలోని షోసోయిన్ భాండాగారంలో ఎనిమిదో శతాబ్దం నాటి సిరాదొన్నె ఉంది. అదే నగరంలో తోదైజీ ఆలయపు దక్షిణ మహాద్వారాన్ని 1199లో తిరిగి కట్టారు. దాని దూలం మీద ఎవరో వడ్రంగి మరిచిన సిరాదొన్నె 1879లో దొరికింది.

జపాన్ వడ్రంగి వాడే సషిగానె అనే ఉక్కు మూలమట్టం నాకు మరీ ఇష్టమైన వస్తువు. దాని ముందు వైపు మామూలు కొలత. వెనుక వైపు అదే కొలత రెండు వర్గమూలం రెట్లు సాగి ఉంటుంది. గుండ్రటి దుంగ కొసన వ్యాసం మీద వెనుక వైపు ఆనించి చదివితే, ఆ దుంగలోంచి తీయగల అతి పెద్ద చదరపు దూలం భుజం ఎంతో నేరుగా తెలిసిపోతుంది. లెక్క కట్టాల్సిన పనే లేదు, లెక్కంతా ఉక్కులోనే ఉంది. ముతక పనికి వెదురు కలంతో సిరా గీత. కిటికీ చట్రాలూ పెట్టెల్లాంటి సన్న పనికి వచ్చేసరికి సిరాను పక్కన పెట్టి షిరాబికి అనే కత్తి పడతారు. ఏ గీత ఎక్కడ పనికొస్తుందో ఇంత స్పష్టంగా విడదీసి చూసిన సంప్రదాయం ఇంకొకటి నాకు కనిపించలేదు.

యూరప్‌లో కంపాస్‌కు ఒక విషాదగాథ ఉంది. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథలో డెడాలస్ మేనల్లుడు చేప వెన్నెముకను చూసి రంపాన్ని, రెండు ఇనుప కాళ్లను ఒకచోట కలిపి కంపాస్‌ను కనిపెడతాడు. ఓర్వలేని మామ ఆ కుర్రవాణ్ణి కొండ మీది నుంచి తోసేస్తాడు. దేవత కరుణించి అతణ్ణి కౌజు పిట్టను చేస్తుంది. రెండు కాళ్ల ఇనుప ముక్క కోసం మామ హత్యకు తెగించాడని చెప్పుకున్నారంటే, ఆ పనిముట్టుకు అప్పటివాళ్లు ఎంత విలువ ఇచ్చారో ఊహించుకోవచ్చు.

ఆకారాన్ని నేరుగా దించే రెండో పాయ పూర్తిగా వికసించింది మధ్యయుగపు యూరప్‌లో. ఓక్ దూలాలను గొడ్డలితో చెక్కేవారు. ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఒకదానికి వంకర, ఇంకొకదానికి మెలి. వాటిని అంకెలతో కొలిచి లాభం లేదు. అందుకని నేల మీద కప్పు పటాన్ని నిజ పరిమాణంలో గీసేవారు. దూలాలను ఆ గీతల మీద ఒకదానిపై ఒకటి పేర్చేవారు. దారానికి గుండు వేలాడదీసి పై దూలపు వంకరను కింది దూలం మీదికి, కింది దాని వంకరను పై దాని మీదికి దించేవారు. అలా గీసి కోసిన కూడిక తన జతకు తప్ప దేనికీ అమరదు. అందుకే ప్రతి జతకూ ఉలితో రోమన్ అంకె చెక్కేవారు. ఇంగ్లండు పాత ధాన్యపు కొట్టాల్లో ఆ అంకెలు ఇప్పటికీ చూడవచ్చు. నాలుగును ఎక్కువగా నాలుగు నిలువు గీతలుగానే వేశారు. తలకిందులుగా చూసినా అంకె తారుమారు కాకూడదు కదా.

ఈ విద్యను ఫ్రాన్స్ వదలలేదు. ఫ్రెంచి కలప చట్రాల గీత సంప్రదాయాన్ని యునెస్కో 2009లో మానవాళి అవ్యక్త వారసత్వ జాబితాలో చేర్చింది. పదేళ్లకు ఆ విద్య అవసరం పడింది. 2019 ఏప్రిల్ 15న పారిస్ నోత్రదామ్ కప్పు కాలిపోయింది. పాత కప్పులోని ఏడో వాసాల చట్రాన్ని 2020 సెప్టెంబరులో వడ్రంగులు చేత్తో చెక్కిన ఓక్‌తో చేసి, ఆలయం ముందే జనం చూస్తుండగా పైకెత్తారు. గొడ్డలితో చెక్కి, నేల మీద గీసి చేసే పాత పద్ధతి ఇంకా బతికే ఉందని లోకానికి చూపారు. 2024 డిసెంబరులో ఆలయం తిరిగి తెరుచుకుంది.

గీత గీసే పనిని మాటల్లో పెట్టిన తొలి ఇంగ్లీషు రచయితల్లో జోసెఫ్ మాక్సన్ ఒకడు. లండన్ ముద్రాపకుడు. 1678 నుంచి చేతివృత్తుల మీద భాగాలు భాగాలుగా పుస్తకం వేశాడు. మూలమట్టం, మార్కింగ్ గేజి, సూది మొనల గురించి ఓపికగా రాశాడు. ఎగుడు దిగుడు అంచుకు పలకను ఎలా అమర్చాలో చెప్పిన చోటు ప్రత్యేకంగా చదవదగ్గది. కంపాస్ కాళ్లను మధ్యలోని ఖాళీ అంత తెరిచి, ఒక కాలును వంకర అంచు వెంబడి నడిపిస్తే, రెండో కాలు అదే వంకరను పలక మీద గీస్తుంది. ఆ గీత దాకా కోస్తే చాలు. ఫ్రాన్స్‌లో వడ్రంగి ఇంట్లో పుట్టి వడ్రంగే అయిన ఆంద్రే రూబో 1769 నుంచి 1775 దాకా వెలువరించిన ఉద్గ్రంథం ఆ విద్యను ఇంకా లోతుగా విప్పి చెప్పింది.

మార్కింగ్ గేజి గురించి కాస్త ఆగి చెప్పాలి. చెక్క కడ్డీ, దాని మీద జరిగే దిమ్మె, కడ్డీ చివర మేకు మొన. ఇంతే పరికరం. దిమ్మెను అంచుకు ఆనించి లాగితే అంచుకు సమాంతరంగా గీత పడుతుంది. రెండు మొనలుంటే వాటి మధ్య దూరాన్ని ఉలి వెడల్పుకే సరిపెట్టి, బెజ్జానికీ అందులో దిగే నాలుకకూ ఒకే అమరికతో గీయవచ్చు. ఎక్కడా అంకె లేదు కనుక అంకె చదవడంలో తప్పూ లేదు. మేకు మొన నార వెంబడి చక్కగా నడుస్తుంది, అడ్డంగా వెళితే నారను చింపుతుంది. ఆ లోపాన్ని సరిదిద్దడానికే మొన స్థానంలోకి చిన్న కత్తి, తర్వాత పదునైన చక్రం వచ్చాయి.

పెన్సిల్ వీటిలో చాలావాటికంటే వయసులో చిన్నది. ఇంగ్లండులోని బారోడేల్ గ్రాఫైట్ 1560ల్లో బయటపడింది. తెలిసిన వాటిలో అతి పాత పెన్సిల్ వడ్రంగిదే. జర్మనీలో 17వ శతాబ్దపు ఇంటి కప్పులో దొరికింది, ఇప్పుడు ఫాబర్ కాస్టెల్ సేకరణలో ఉంది.

అమెరికాలో పందొమ్మిదో శతాబ్దం మొదట్లో గాలి మారింది. ప్రతి వంకర దూలం లోపలా ఒక తిన్నని చిన్న దూలం దాగి ఉందనుకుని, కూడిక వచ్చే చోట మాత్రం ఆ కొలతకు చెక్కేవారు. దీంతో ఒకే రకం ముక్కల్లో ఏదైనా ఆ రకం చోటు దేనికైనా సరిపోయింది. నేల మీది పటమూ, జత అంకెలూ అక్కర్లేకపోయాయి. ఈ పద్ధతికి ఖచ్చితమైన మూలమట్టం కావాలి. వెర్మాంట్‌లో సైలాస్ హాస్ అనే కమ్మరి పాత రంపపు రేకులతో ఉక్కు మూలమట్టాలు చేయడం మొదలుపెట్టాడు. 1879లో లారోయ్ స్టారెట్ జరిగే బద్దతో కాంబినేషన్ స్క్వేర్‌కు పేటెంటు పొందాడు. పని వేగం పెరిగింది, ఖర్చు తగ్గింది. వంకర చెట్టును దాని వంకరతోనే వాడుకునే నేర్పు మాత్రం చాలాచోట్ల పోయింది.

మన వైపు వడ్రంగి సంచిలో మూలమట్టం, గజంబద్ద, రంగుదారం తరతరాలుగా ఉన్నాయి. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చినా కలపను ఇంకా ఘనపుటడుగుల్లోనే అమ్ముతున్నారు. టేపు మీద సెంటీమీటర్లు ఉన్నా వడ్రంగి నోట అంగుళాలూ నూళ్లే పలుకుతాయి. ఇప్పుడు ప్లైవుడ్ పలక యంత్రం మీద తిన్నగా తెగి వస్తోంది. అయితే పలక తిన్నగా ఉంటే సరిపోదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాటు గోడ తిన్నగా ఉండదు, దానికి ఆనించిన అలమరకూ గోడకూ మధ్య సందు మిగులుతుంది. ఆ సందును సిలికాన్‌తో నింపేసి వెళ్లిపోవడం అలవాటైపోయింది. మాక్సన్ చెప్పిన రెండు కాళ్ల కంపాస్‌తో గోడ వంకరను పలక మీదికి దించి కోస్తే నూలువాసి సందు కూడా మిగలదు.

ఐటీఐల్లో వడ్రంగం నేర్పే గురువులకు నా విన్నపం ఒకటే. పిల్లలకు టేపు ఇచ్చే ముందు కత్తీ మార్కింగ్ గేజీ ఇవ్వండి. మూలమట్టం సరిగా ఉందో లేదో చూసుకోవడం మొదటి రోజే నేర్పండి. తిన్నని అంచుకు ఆనించి ఒక గీత గీసి, మూలమట్టాన్ని తిప్పి అదే బిందువు నుంచి మళ్లీ గీస్తే, రెండు గీతలూ ఒకటైతే అది నమ్మదగినది. ఇంట్లో చెక్కపని చేయించుకునేవారికీ ఒక మాట. గోడ దగ్గర సందు కనబడితే సిలికాన్ గొట్టం తీయనివ్వకండి, ముందు కంపాస్‌తో గీత గీయమని అడగండి.