సకినం తిరిగిన దారి

సంక్రాంతి ఇంకో వారం పది రోజులుందనగా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గిర్నీల ముందు తడి బియ్యం గిన్నెలు వరుస కడతాయి. రాత్రి నానబోసి, పొద్దున వార్చి, నీళ్లు కారిపోయేదాకా గుడ్డ మీద పరిచిన బియ్యం అవి. గోధుమలూ మక్కలూ పట్టే రాయి మీద తడి బియ్యం పోస్తే పిండి అంటుకుపోతుంది కాబట్టి, చాలాచోట్ల వాటికి వేరే వేళ పెడతారు. పట్టించిన పిండి తడి ఆరకముందే ఇల్లు చేరాలి. జల్లించి, నువ్వులూ ఓమా ఉప్పూ కలిపి ఆ రోజే సకినాలు చుట్టాలి. రేపటికి అట్టిపెడితే పిండి పులుస్తుంది, చేతికి లొంగదు.

ఉత్తర తెలంగాణ ఇళ్లలో పండుగంటే ముందు సకినాలే. తర్వాతే అరిసెలు, మురుకులు, గారెలు, గర్జెలు. పెళ్లయిన బిడ్డకు పంపే సారెలో సకినాల గంప లేకపోతే వియ్యాలవారింట మాట వస్తుంది. ఇంత పట్టింపు ఉన్న ఈ అప్పానికి రాతలో చోటు మాత్రం తక్కువ. జగిత్యాల కోట గురించో, వేములవాడ గుడి గురించో రాసినవాళ్లు ఆ ఊళ్ల వంటిళ్లలోకి తొంగిచూడలేదు. తెలుగువాళ్ల తిండి, బట్ట, ఆటపాటలు కూడా చరిత్రేనని సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో చాటిచెప్పింది. ఆ చూపుతో చూస్తే, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలకు నీళ్లు ఎప్పుడొచ్చాయో, అక్కడి ఆడవాళ్లు ఏం పనిచేశారో, మగవాళ్లు ఏ దేశం పోయారో సకినాల గంప దగ్గర కూర్చునే చెప్పుకోవచ్చు.

ముందు పని సంగతి. నాలుగు గిన్నెల తడి పిండికి గిన్నెకు కాస్త తక్కువ నువ్వులు, రెండు చెంచాల ఓమ, తగినంత ఉప్పు. నీళ్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ మెత్తగా కలపాలి. నిమ్మకాయంత ముద్ద అరచేతిలో ఇముడ్చుకుని, బొటనవేలికీ చూపుడు, నడిమి వేళ్లకూ మధ్య నుంచి పిండిని సన్నగా వదులుతూ, వదులుతూనే మెలిపెడుతూ, పరిచిన గుడ్డ మీద వలయంగా తిప్పాలి. ఆ మెలి పురి పెట్టిన నూలులా కనిపిస్తుంది. ఒక చుట్టు పక్కనే ఇంకో చుట్టు. మూడో నాలుగో చుట్లతో సకినం పూర్తవుతుంది. చేయి తిరిగిన మనిషి చుట్టిన పది సకినాలూ ఒకే కొలతలో ఉంటాయి. కొత్తగా కూర్చున్న కోడలి చేతిలో పిండి తెగుతుంటే పక్కనున్న ఆడబిడ్డ ఊరుకోదు: “వదినె, జర సన్నగ తిప్పు. లావైతే లోపల పచ్చిగుంటది.”

చుట్టాక వెంటనే నూనెలో వేయరు. గుడ్డ తడిని పీల్చుకోవాలి. పైన కాస్త ఆరి, పళ్లెంతోనో అట్లకాడతోనో ఎత్తితే విరగకుండా రావాలి. తడి ఎక్కువుంటే లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై సకినం నూనెలో పేలుతుంది. చేతుల మీద, మొహం మీద వేడి నూనె పడ్డ ఇళ్లున్నాయి. అందుకే ఆరిందో లేదో చూసే బాధ్యత పెద్దమనిషిదే. బియ్యప్పిండిలో గోధుమపిండికుండే జిగురు ఉండదు. దాన్ని దారంలా సాగదీయగలగడం తడి పిండి వల్ల, చేతి వాటం వల్లే సాధ్యం. కాగిన పల్లి నూనెలో పిండిలోని నీరు దాదాపు అంతా పోతుంది కాబట్టి డబ్బాలో మూత బిగించి పెట్టిన సకినాలు వారాల తరబడి కరకరలాడతాయి. నువ్వుల్లోని సెసమాల్ వంటి పదార్థాలు నూనె వాసన తొందరగా చెడకుండా కాపాడతాయి. ఓమ ఘాటు థైమాల్ వల్ల వస్తుంది. నూనె వంటకం అరగడానికి ఓమ మంచిదని ఇంటి వైద్యం ఎప్పటినుంచో చెబుతోంది.

సకినంలో కారం లేదు. మిరపకాయ 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. మురుకుల్లో, గారెల్లో అది స్థిరపడింది. సకినం మాత్రం నువ్వుల కమ్మదనం మీద, ఓమ ఘాటు మీద నిలబడింది. ఆ నువ్వులు ఈ ఉపఖండానికి చాలా పాతవి. హరప్పా తవ్వకాల్లో మాడిన నువ్వు గింజలు దొరికాయి.

సకినంలాగే రోజుల తరబడి నిలిచే, ఓమ, జీలకర్ర, మిరియాలు వేసిన ఉప్పు బిస్కెట్లు లోకంలో చాలాచోట్ల ఉన్నాయి. వాటికి గోధుమపిండి కావాలి, నలువైపులా వేడి తగిలే బట్టీ కావాలి. ఈ మూడు ఊళ్లూ 1948 సెప్టెంబర్ 17 దాకా నిజాం రాజ్యంలోనివే. ఆ రాజధాని హైదరాబాద్‌లో ఇరానీ హోటళ్లు వెలిశాయి, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద ఉస్మానియా బిస్కెట్ పుట్టింది, దేశ విభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో కరాచీ బేకరీ తెరిచారు. జిల్లాల్లో మాత్రం ఇంటి పొయ్యి కట్టెలదే. దాని మీద కాల్చుకునే కమ్మని అప్పం ఒకటి ఉండేది, ఇప్పటికీ ఉంది. గుండ్రని గిన్నె లోపలి గోడలకు నూనె రాసి, బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర కలిపి అంటించి, వేళ్లతో బొక్కలు పెట్టి, మూత వేసి సన్న సెగ మీద కాలుస్తారు. సర్వపిండి, సర్వప్ప, గిన్నెప్ప, తపాల చెక్క అని ఊరికో పేరు. బట్టీ లేని ఇంట్లో మూత పెట్టిన గిన్నే బట్టీ అయింది. కాకపోతే అది ఆ పూటకే తినాలి. రోజుల తరబడి దాచుకోవాలన్నా, దూరం పంపాలన్నా సకినమే దిక్కు.

బియ్యం కథ ఇక్కడ ముఖ్యం. చెరువు కింద మడి ఉన్నవాళ్లకు వరి. మిగతావాళ్లకు జొన్న రొట్టె, జొన్న గట్క, మక్క గట్క. వరన్నం పండుగకో చుట్టాలొస్తేనో వండుకున్న ఇళ్లు ఈ జిల్లాల్లో కొల్లలు. అలాంటిచోట కుంచాలకొద్దీ బియ్యం నానబోయడమంటే కలిగినవాళ్ల మాట. ఈ లెక్క మారడం పోచంపాడుతో మొదలైంది. అక్కడ గోదావరి మీద కట్టిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జులై 26న జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేశారు. కాకతీయ కాలువ 1970లలో జగిత్యాల ప్రాంతపు పొలాలకు నీళ్లు తెచ్చింది. మెట్ట చేలు మడులయ్యాయి. కాలువ అందని సిరిసిల్ల వైపు కరువు చాలాకాలం కొనసాగింది. భూమి లేని ఇంటికి బియ్యం చేరవేసింది ఇంకొకటి: 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం. కూలి ఇల్లయినా, మగ్గం ఇల్లయినా, బీడీల ఇల్లయినా పండుగకు నాలుగు కిలోలు నానబోసుకునే వీలు దొరికింది.

నువ్వులకూ ఈ నేలతో చుట్టరికం ఉంది. ఎండాకాలంలో కాలువ నీళ్లతో, బావి నీళ్లతో నువ్వు పంట వేసే ప్రాంతాల్లో జగిత్యాల ఒకటి. పట్టణం పక్కనున్న పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం ‘జగిత్యాల సన్నాలు’ వరితో రైతులందరికీ తెలిసిందే. ‘శ్వేత’ అనే తెల్ల నువ్వుల రకం కూడా అక్కడిదే. సకినంలో తెల్ల నువ్వులే వేస్తారు. పిండి తెల్లగా ఉండాలి, నువ్వు గింజ వేగి లేత బంగారు రంగుకు రావాలి, సకినం ఎర్రబడకూడదు. తీసే వేళ దాటి ఎర్రబడితే చేదెక్కుతుంది.

సకినాల కింద పరిచే గుడ్డ సిరిసిల్ల కథ చెబుతుంది. నూలు బట్టే కావాలి, పాత తెల్ల ధోవతి అయితే మేలు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు నీటిని బాగా పీలుస్తుంది. మానేరు ఒడ్డున పద్మశాలీలు చేమగ్గాల మీద నేసిన ఊరు సిరిసిల్ల. చేమగ్గం పోయి మరమగ్గం వచ్చింది, నూలు తగ్గి పాలిస్టర్ పెరిగింది. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం బతుకమ్మ చీరల పని ఇక్కడి సాంచాలకే, అంటే మరమగ్గాలకే, ఇచ్చింది. ఆ చీరల్లోనూ పాలిస్టర్ ఉంది. పాలిస్టర్ గుడ్డ మీద సకినం ఆరదు, తడి అట్టడుగునే నిలిచి ఎత్తబోతే అంటుకుని విరుగుతుంది. బట్టలు నేసే ఊళ్లోనే ఆడవాళ్లు పండుగ కోసం పాత నూలు ధోవతి పెట్టె అడుగున దాచుకుంటున్నారు.

మగ్గం నడవని కాలంలో సిరిసిల్ల నేతన్నలు భీవండి, సోలాపూర్, సూరత్ దారి పట్టారు. పండుగకు రాలేనివాళ్లకు ఊరి నుంచి పోయేవాళ్ల సంచిలో సకినాలు పోయేవి. వండాల్సిన పనిలేదు, వేడి చేయాల్సిన పనిలేదు. మగ్గం పక్కన నిలబడి చాయ్‌తో తినొచ్చు.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వాడల్లో ఆడవాళ్ల చేతి పని బీడీలు. కత్తెరతో తునికాకు కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం కట్టడం. వెయ్యి బీడీల లెక్కన కూలి. పొద్దంతా చేట ముందేసుకుని కూర్చునే ఆ ఇళ్లలో సంక్రాంతికి రెండు రోజులు తునికాకు పక్కకు జరిపి పిండి కలుపుతారు. తంబాకు వాసన అంటకుండా చేతులు తోముకుని మరీ కూర్చుంటారు. ఒక్కింటి సకినాలు ఒక్కింటివాళ్లే చుట్టుకోవడం అరుదు. ఇవాళ ఈ ఇంటికి ఆ వాకిలివాళ్లంతా, రేపు ఆ ఇంటికి వీళ్లంతా. కూలి లేదు, బదులుకు బదులే. పోయేటప్పుడు బొట్టు పెట్టి, వేడి సకినాలు నాలుగు కొంగులో పెడతారు. పెళ్లిళ్లప్పుడు ఇదే పని పదింతలవుతుంది. పందిరి కింద ఇరవై మంది వరుసగా కూర్చుని, పాటలు పాడుకుంటూ, గంపలు నింపుతారు.

1973లో చమురు ధరలు ఎగిశాక గల్ఫ్ దేశాల్లో కట్టడాల పని పెరిగింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్ల నుంచి మగవాళ్లు దుబాయ్, మస్కట్, సౌదీ, కువైట్, బహ్రెయిన్ బయల్దేరారు. మొదట్లో బొంబాయి మీదుగా పోయేవారు. ఆ సామానులో రెండు డబ్బాలు తప్పకుండా ఉండేవి: ఒకటి మామిడికాయ తొక్కు, ఇంకొకటి సకినాలు. పెళుసైన సరుకు కాబట్టి డబ్బాలో కాగితం పరిచి, కదలకుండా బిగువుగా పేర్చాలి. క్యాంపు గదిలో డబ్బా మూత తీసినరోజు అది ఒక్కడిది కాదు. గదిలో ఉన్న నిజామాబాద్ మనిషికీ, కడప మనిషికీ భాగం ఉంటుంది. సెలవు మీద వచ్చిన వాళ్లు తిరుగు ప్రయాణమయ్యే రోజు ఇంట్లో పండుగ లేకపోయినా నూనె మూకుడు పొయ్యెక్కుతుంది. అందువల్ల సంక్రాంతికీ పెళ్లికీ కట్టుబడిన అప్పం ఏడాది పొడుగునా చేసే అప్పమైంది.

దాని వెంటే అమ్మకం వచ్చింది. అమెరికా, ఆస్ట్రేలియా పోయిన పిల్లలకు పంపాలంటే ఇంట్లో చుట్టే ఓపిక, మనిషి సాయం రెండూ తగ్గాయి. స్వగృహ దుకాణాలు లేచాయి. ఆర్డరు మీద ఇంట్లోనే చేసిచ్చే ఆడవాళ్లు కిలోల లెక్కన అమ్మడం మొదలుపెట్టారు. 1999లో వచ్చిన దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్ అందడం, పొదుపు సంఘాల అప్పు దొరకడం ఈ పనికి కలిసొచ్చాయి. కట్టెల పొగలో మంట ఎగదోస్తూ కూర్చునే బాధ తప్పింది, సెగ చేతిలోకి వచ్చింది.

మురుకులకు గొట్టం ఉంది, పిండి పోసి ఒత్తితే చాలు. ఇంటింటా సకినం ఇంకా వేళ్ల పనే. వేళ్ల మధ్య నుంచి జారుతూనే మెలి పడాలి. నేర్చుకోవడానికి పుస్తకం లేదు. పండుగ పండుగకూ అమ్మ పక్కన, అత్త పక్కన కూర్చుంటేనే వస్తుంది. గుడ్డ చుట్టూ కూర్చునేవాళ్లు తగ్గిన ఇళ్లలో ఈ చేయి ఒక తరంతో ఆగిపోతోంది. దుకాణాలకు చుట్టిచ్చే మనుషులు పెరిగినచోట అదే చేయి కూలిగా మారింది. కిలో ధర చెప్పేటప్పుడు బియ్యం, నూనె, నువ్వుల ఖర్చు ముందు లెక్కకొస్తుంది. గంటల తరబడి మఠం వేసుకుని నడుం వంచి చుట్టినవాళ్ల వంతు చివర్న మిగిలినదే అవుతోంది. మగ్గానికి గజం లెక్కుంది, బీడీకి వెయ్యి లెక్కుంది, దాని మీద కొట్లాడిన సంఘాలున్నాయి. సకినాలు చుట్టే ఆడవాళ్లకూ అలాంటి లెక్క, ఆ లెక్క అడిగే సంఘం కావాలి. నేత పనిని నైపుణ్యమని గుర్తించిన జిల్లాలో సకినాల పనినీ అలాగే గుర్తించి, చేయి తిరిగిన వాళ్లనే గురువులుగా కూర్చోబెట్టి, నేర్పినందుకు వాళ్లకు జీతమివ్వాలి.