జన్మమా, ఆచరణమా? మేడారం గద్దెల సాక్ష్యం

ఒక జనసముదాయపు సాంస్కృతిక స్వరూపం దేనిని ఆశ్రయించి నిలుస్తుంది? రక్తసంబంధాన్నా, లేక తరతరాలుగా అనుష్ఠిస్తున్న ఆచారాన్నా? రక్తమే ఆధారమైతే, జనసంఖ్యలో మార్పు వచ్చినపుడల్లా సంస్కృతి క్షీణించవలసిందే. ఆచారమే ఆధారమైతే, ఎవరు వచ్చి చేరినా అది నిలవగలగాలి. ఈ రెండు పక్షాలలో ఏది సత్యమో విచారించడానికి ఏటూరునాగారం అరణ్యసీమ కంటె యోగ్యమైన క్షేత్రం తెలుగునాట అరుదు.

ఏటూరునాగారం గోదావరి కుడిగట్టున ఉన్నది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగు జిల్లాలోకి చేరింది. ఇక్కడి ఆదివాసులలో ప్రధానులు కోయలు. వారి పూర్వభాష గోండీకి సన్నిహితమైన ద్రావిడభాష. నేడు పలు గూడేలలో తెలుగే ఇంటిభాష. వారి పొరుగున ఆర్యభాషాకుటుంబానికి చెందిన గోరుబోలి మాట్లాడే లంబాడాల తండాలున్నాయి, మైదానప్రాంతాల నుండి వచ్చి స్థిరపడిన రైతులూ వర్తకులూ ఉన్నారు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లోని హింసకు తాళలేక సరిహద్దు దాటి వచ్చిన గుత్తికోయలు కూడ ఈ అడవులలో తలదాచుకున్నారు. వీరికి ఇక్కడి కోయలతో భాషాబంధుత్వం, పూర్వసంబంధం ఉన్నప్పటికీ తెలంగాణలో షెడ్యూల్డు తెగగా గుర్తింపు లేదు. భాష, రక్తం, చట్టం చెప్పే గుర్తింపు మూడూ ఒకే రేఖపై నడవవనడానికి ఇదే తొలి నిదర్శనం.

ఈ సీమకు హృదయస్థానం మేడారం. రెండేండ్లకొకసారి మాఘపూర్ణిమ సమయాన నాలుగు దినాలు జరిగే సమ్మక్క సారలమ్మ జాతర 1996లో రాష్ట్రపండుగ అయింది. మొదటిరోజు కన్నెపల్లి నుండి సారలమ్మ వస్తుంది. ఏటూరునాగారం మండలంలోని కొండాయి నుండి గోవిందరాజు, పూనుగొండ్ల నుండి పగిడిద్దరాజు వస్తారు. రెండవనాడు చిలుకలగుట్ట నుండి కుంకుమభరిణె రూపంలో సమ్మక్క గద్దెకు చేరుతుంది. విగ్రహం లేదు, గోపురం లేదు. వెదురు, కుంకుమ, భక్తులు ‘బంగారం’ అని పిలుచుకొనే బెల్లం, ఇంతే ఆరాధనాసామగ్రి. దేవతను కొనివచ్చే అధికారం సిద్దబోయిన, కాక, పెనక మొదలైన కోయవంశాలది. మొక్కేవారిలో మాత్రం సకల కులాలవారూ, పొరుగు రాష్ట్రాలవారూ ఉన్నారు.

కాకతీయ ప్రతాపరుద్రుడు కరవుకాలంలో కప్పం కోరగా ఎదిరించి పోరాడిన వీరమాతగా సమ్మక్క ప్రసిద్ధి. ఆమె కుమారుడు జంపన్న ప్రాణమర్పించిన సంపెంగవాగు నేడు జంపన్నవాగు. అయితే గాథలోని ఒక అంశం ఈ విచారణకు కీలకమైనది. పాఠభేదాలు ఎన్ని ఉన్నా, బహుళప్రచారంలో ఉన్న కథనం ప్రకారం సమ్మక్క కోయల ఇంట పుట్టిన బిడ్డ కాదు. వేటకు వెళ్ళిన కోయదొరలకు అడవిలో పులుల నడుమ ఆడుకొంటున్న శిశువుగా ఆమె కనిపించింది. ఆమె తల్లిదండ్రులెవరో గాథ చెప్పదు, అడగదు. గూడెం పెంచుకొన్నది, ఆమె గూడేనికి ఇలవేల్పు అయినది. కోయల అస్తిత్వానికి పరమప్రతీకగా నిలిచిన దేవి జన్మమే అజ్ఞాతమైనపుడు, అస్తిత్వానికి రక్తమే ప్రమాణమని చెప్పడమెట్లు?

వైదికవాఙ్మయంలో దీనికి సమానమైన ఉపాఖ్యానం ఐతరేయబ్రాహ్మణంలోని శునఃశేపకథ. అజీగర్తుడు తన కొడుకైన శునఃశేపుని యజ్ఞపశువుగా అమ్ముకొన్నాడు. దేవతలను స్తుతించి విముక్తుడైన ఆ బాలుడు కన్నతండ్రిని విడిచి విశ్వామిత్రుని అంకం చేరి, దేవరాతుడనే పేరుతో అతని జ్యేష్ఠపుత్రుడైనాడు. విశ్వామిత్రుని నూటొక్క కుమారులలో పెద్దవారైన ఏబదిమంది ఈ స్వీకారాన్ని అంగీకరింపక శాపగ్రస్తులైనారు. వారి సంతతిగా ఆ గ్రంథం పేర్కొన్నవారు ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు. గ్రంథస్వరం వారిపట్ల ఆదరపూర్వకం కాదు. అయినా ఆంధ్రనామం కనిపించే ఈ అతిప్రాచీన ప్రస్తావనలో ఆంధ్రులూ, వనవాసులైన శబరులూ ఒకే తండ్రి బిడ్డలుగా నిలవడం గమనార్హం. అంతకన్న గమనార్హమైన విషయం, రక్తం ఉన్నవారు దాయాన్ని కోల్పోగా, రక్తం లేనివాడు దానిని పొందడం.

ఈ భావన ఇక్కడితో ఆగలేదు. జాతిచేత బ్రాహ్మణత్వం సిద్ధింపదని వజ్రసూచికోపనిషత్తు నిరూపించింది. మహాభారత వనపర్వంలో అజగరరూపంలో ఉన్న నహుషునితో ధర్మరాజు, మనుష్యులలో వర్ణసాంకర్యం సర్వత్ర వ్యాపించి ఉన్నందున జన్మను నిర్ణయించడం దుష్కరమనీ, శీలమే ప్రధానమనీ చెప్పినాడు. 2009లో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు అమెరికా పరిశోధకులతో కలిసి ప్రకటించిన జన్యుపరిశోధన కూడ భారతభూభాగంలోని అత్యధిక సముదాయాలు రెండు ప్రాచీన జనధారల మిశ్రమమేననీ, భేదం పాళ్ళలోనేననీ తేల్చింది. శుద్ధరక్తమనే భావనకు శాస్త్రంలోనూ చోటు లేదు, విజ్ఞానంలోనూ లేదు.

అట్లయితే గద్దెల వద్ద బెల్లం సమర్పించిన ప్రతివాడూ కోయ అవుతాడా? కాడు. శునఃశేపుని కథను నిదానంగా పరిశీలిస్తే మూడు నియమాలు కనిపిస్తాయి. వచ్చినవాడు కొత్త కులధర్మాన్ని స్వీకరించాలి. కులపెద్ద అతనిని స్వీకరించాలి. అటుపిమ్మట ఆ ధర్మం అనుష్ఠానంలో కొనసాగాలి. సమ్మక్క విషయంలో ఈ మూడూ జరిగినవి. భక్తుడు భక్తిలో భాగస్వామి; చిలుకలగుట్ట ఎక్కి దేవతను తెచ్చే బాధ్యత మాత్రం దానిని వహించిన వంశాలది. సంఖ్యాబలంతో వచ్చినవారు ఆ బాధ్యతను తామే తీసుకొంటే అది స్వీకారం కాదు, ఆక్రమణం.

ఇక్కడే జనసంఖ్యాపరివర్తనమనే ప్రశ్న తీవ్రమవుతుంది. సంస్కృతి రక్తంలో లేదన్నంత మాత్రాన అది గాలిలో తేలుతూ నిలవదు. దానికి ఆచరించే మనుష్యులు, వారు నిలిచే నేల, పాడే గొంతు కావాలి. అందుచేతనే షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనేతరులకు భూబదలాయింపును నిషేధించే 1959 నాటి నిబంధన, దానిని పటిష్ఠపరచిన 1970 నాటి సవరణ, జనవ్యవహారంలో ‘వన్ ఆఫ్ సెవెంటీ’, వచ్చినవి. చట్టం జన్మను ప్రమాణంగా తీసుకొన్నది రక్తమే సంస్కృతి అని సిద్ధాంతీకరించడానికి కాదు. భూమి చేజారిన సముదాయం ఆచారాన్ని నిలుపుకోలేదని గుర్తించినందున. 1976 సవరణచట్టంతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరినారు. కాలక్రమాన అవకాశాల పంపకంపై పెరిగిన వివాదం 2017లో ఆదివాసీ ఉద్యమరూపం దాల్చింది. అది ప్రధానంగా విద్య, ఉద్యోగం, భూమికి సంబంధించిన న్యాయవివాదం. దానిని రక్తవైరంగా చిత్రించడం ఉభయులకూ అన్యాయమే; సేవాలాల్ మహారాజ్ మార్గంలో నడిచే తండాకూ తనదైన ఆచారసంపద ఉన్నది.

ఆచారం గొంతులో ఎట్లు నిలుస్తుందో కంచుమేళం-డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య జీవితం చూపుతుంది. కోయల వంశగాథలను, సమ్మక్క కథను గానం చేసిన ఆయనకు 2022లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన కీర్తిశేషుడైనాడు. అటువంటి గాయకుడు శిష్యుడు లేకుండా వెళ్ళిపోతే కోయల జనసంఖ్య తగ్గదు, రక్తం మారదు. అయినా ఒక లోకం అస్తమిస్తుంది. శిష్యుడు ఒక్కడు దొరికితే, జనసంఖ్య ఎంత మారినా ఆ లోకం నిలుస్తుంది.

సంస్కృతికి జన్మ ద్వారమే గాని గృహం కాదు. ఆ గృహం ఆచరణం. దానికి పునాది నేల, దీపం వాక్కు. అతిథిగా వచ్చినవారు ఆ ఇంటి మర్యాదను పాటించడం, ఇంటివారు ఆ దీపాన్ని ఆరనీయకపోవడం, ఈ రెండు ధర్మాలూ నెరవేరినంతకాలం ఎవరు ఎందరున్నారనే లెక్క గద్దెలను కదిలింపజాలదు.