చిరునామా గల గుల్లలు



మన వెంకటాచలం వైపు పాతతరం వారికి గుల్ల సున్నం కొత్త కాదు. పులికాట్ సరస్సులో ఏనాడో పూడిపోయిన గుల్లలను త్రవ్వి, కాల్చి సున్నం చేసేవారు. అటువంటి గుల్లలే సముద్రానికి రెండు వందల మైళ్ళకు పైగా దూరాన, నిర్మల్ కొండల నల్లరాళ్ళ నడుమ కనబడితే ఏమనుకోవాలి?

ఆ ప్రశ్న వెంటపడిన వారిలో జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ ఒకరు. ఆయన మద్రాసు సర్వీసులో వైద్యుడు. అప్పటికి మన దేశంలో ప్రభుత్వ భూగర్భ సర్వే శాఖే లేదు. అది 1851లో ఏర్పడింది. ఆయన తాను ఏరిన శిలాజాలకు తానే తీర్పు చెప్పుకోలేదు. వాటిని లండన్‌లో గుల్లల శాస్త్రజ్ఞుడు సోవర్బీ పరీక్షించి పేర్లు పెట్టాడు. ఆ వివరాలు 1840లో అచ్చయినాయి. వాటిలో నోరు ఎడమవైపుకు ఉన్న ఒక నత్తకు, అశోకుని లిపిని చదివిన జేమ్స్ ప్రిన్సెప్ పేరు మీదుగా ‘ఫైసా ప్రిన్సెపి’ అని పేరు వచ్చింది. అది మంచినీటి నత్త. అంటే ఆ కొండల చోట ఒకప్పుడు ఉన్నది సముద్రం కాదు, చెరువులూ సరస్సులూ. లావా వచ్చి వాటిని కప్పివేసింది.

తరువాత ఈ పని అందుకున్నది నాగపూర్‌లోని మతబోధకుడు స్టీఫెన్ హిస్లాప్. 1860లో ఆయన నాగపూర్ గుల్లలతోబాటు మన రాజమహేంద్రవరం గుల్లలనూ వర్ణించాడు. 1844లోనే కన్నుమూసిన మాల్కమ్‌సన్ పేరును ఒక మంచినీటి ఆల్చిప్పకు పెట్టాడు. 1863లో వాగు దాటుతూ హిస్లాప్ కూడా నీటిలో మునిగి మరణించాడు.

ఈ గుల్లలు టెర్షియరీ యుగానివని హిస్లాప్ తీర్పు. దానిపై నూరేళ్ళకు పైగా వాదాలు నడిచాయి. 2008లో గెర్టా కెల్లర్ బృందం రాజమహేంద్రవరం క్వారీలలో, లావా పొరల మధ్య రాతిలోని అతిసూక్ష్మ సముద్రజీవుల పెంకులను పరీక్షించింది. అవి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం, రాక్షసబల్లులు అంతరించిన వెంటనే వచ్చిన కాలానివని తేల్చింది. రాజమహేంద్రవరం విషయంలో హిస్లాప్ మాట నిలిచింది. నాగపూర్ వైపు కొన్ని పొరలు మాత్రం అంతకు ముందువని తేలింది.

ఒక తీర్పు నిలిచింది, ఒకటి మారింది. అయినా ఆ పెద్దల శ్రమ వృథా కాలేదు. ఎందుకంటే, ఏ గుల్ల ఏ ఊళ్ళో, ఏ పొరలో దొరికిందో వారు వ్రాసి పెట్టారు. అందువల్లే తరువాతి వారు మళ్ళీ అదే చోటికి వెళ్ళి సరిచూడగలిగారు. ఊరి పేరు లేని శిలాజం ఎంత అందంగా ఉన్నా అలమారలో బొమ్మే.

సర్వీసు రిజిస్టరులో ఒక్క తేదీ తప్పు పడితే ఎన్ని తిప్పలో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మనవలు ఏ గుల్లో రాయో ఏరి తెస్తే, దొరికిన చోటు, తేదీ ఒక చీటీపై వ్రాసి దానితో ఉంచమని చెప్పండి. తీర్పు రేపటివారు చెప్పుకుంటారు. చీటీ మాత్రం ఈరోజే వ్రాయాలి.